నక్క గుమస్తా పెట్టిన కొర్రీ

గాడిదలు కోర్టుకెక్కడమేమిటని నవ్వకండి. నల్లకొండ అడవిలో ఎక్కాయి మరి! సింహం సర్కారుకి రాళ్లు మోసే గాడిదలు మధ్యాహ్నం పూట వాగు దగ్గర కాసేపు ఆగి నీళ్లు తాగేవి. ఇకమీదట ఆగకూడదని సర్కారు ఉత్తర్వు వేసింది. మూడో రోజే ముసలి చుక్కమ్మ ఎండకి తాళలేక బరువుతో సహా కూలబడింది. మళ్లీ లేవలేదు పాపం.

గాడిదల సంఘం కార్యదర్శి సింగారికి కడుపు మండిపోయింది. ఏనుగు జడ్జి దగ్గర దావా వేద్దామంది. కానీ సర్కారు మీద దావా అంటే మాటలా? ముందు సర్కారుకి నోటీసు ఇవ్వాలి, రెండు నెలలు ఆగాలి. నోటీసు అందినట్టు రుజువు లేకపోతే దావాని గుమ్మంలోనే కొట్టేస్తారు.

నోటీసు పట్టుకుని సింగారి సర్కారు కచేరీకి వెళ్తే నక్క గుమస్తా ఎదురొచ్చాడు.

"రా అక్కా, రా! ఎండన పడి వచ్చావు. ఆ కాగితం అక్కడ పడేసి వెళ్లు, నేను చూసుకుంటాగా."

ఇన్నేళ్లలో ఒక్కసారైనా పలకరించనివాడు ఇవాళ అక్కా అంటున్నాడేమిటి? సింగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అందినట్టు ముద్ర వేసివ్వు బాబూ."

"మనలో మనకి ముద్రలేమిటక్కా? అయినా సిరా అయిపోయింది."

బల్ల మీద సిరాబుడ్డి నిండుగా ఉంది. సింగారి కాగితం నోట కరుచుకుని వెనక్కి వచ్చేసింది.

ఇక్కడ సంఘంలో ఇంకో గొడవ. "అసలు వెళ్లిందో లేదో! నక్కతో కుమ్మక్కయిందేమో!" అన్నాడు ఓబులు గాడిద. ఆ మాటకి సింగారికి ఏడుపొచ్చినంత పనైంది. కానీ ఓ ఆలోచనా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మళ్లీ కచేరీకి వెళ్లింది. "ముద్ర వద్దులే తమ్ముడూ. తప్పులేమైనా ఉన్నాయేమో చూసిపెట్టు. నీ అంత చదివినవాళ్లు మాలో ఎవరున్నారు?"

తప్పులు పట్టడమంటే నక్కకి పంచప్రాణాలు. గబగబా చదివాడు. "ఇదేమిటి? సభ్యులు పన్నెండు మంది, డెక్కముద్రలు పదకొండే. చుక్కమ్మది ఏదీ?"

"అది చచ్చిపోయింది బాబూ!"

"చచ్చిపోయినట్టు కాగితం ఏదీ? చెల్లదు, పో!"

"ఆ ముక్కే రాసివ్వు నాయనా. నేను నోటితో చెబితే మావాళ్లు నమ్మరు. నన్నే అనుమానిస్తున్నారు."

వీళ్లలో వీళ్లకే పడటం లేదన్నమాట! నక్క లోలోపల మురిసిపోయాడు. 'మీ నోటీసు చూడడమైనది. చుక్కమ్మ డెక్కముద్ర లేనందున తిప్పి పంపడమైనది' అని కొర్రీ రాసి, తేదీ వేసి, సింహం ముద్ర గట్టిగా కొట్టి ఇచ్చాడు.

రెండు నెలలు ఆగి సంఘం దావా వేసింది. అది విచారణకి వచ్చింది. నక్క ముందుకొచ్చి వంగి దణ్ణం పెట్టాడు. "ప్రభూ! మాకు ఏ నోటీసూ అందలేదు. కొట్టెయ్యండి."

సింగారి కొర్రీ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఏనుగు జడ్జి దాన్ని రెండుసార్లు చదివాడు.

"అందని నోటీసుకి కొర్రీ ఎలా పెట్టావయ్యా? పైగా చచ్చినదాన్ని డెక్కముద్ర వెయ్యమంటావా?"

తీర్పు వచ్చేదాకా గాడిదలు వాగు దగ్గర ఆగవచ్చని జడ్జి అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చాడు.

బయటికి రాగానే ఓబులు తల దించుకుని, "తప్పు మాట అన్నానక్కా" అన్నాడు.

"అదంతా తర్వాత. ముందు పోయి నీళ్లు తాగరా," అంది సింగారి.

నీతి: సర్కారుతో తగువు పెట్టుకున్నవాడు తీపి మాటను నమ్మకూడదు, ముద్ర పడ్డ కాగితాన్ని వదలకూడదు.