గౌరేసు ఇంట్లో అసలు రైతు

రేగుపాలెంలో గౌరేసు, అతని భార్య పైడమ్మ, తమ్ముడు లచ్చుమయ్య రోజూ తలకు గుడ్డ బిగించి కట్టుకునే పడుకునేవారు. నిద్రలో తెలివి చెవుల్లోంచి కారిపోతే ఊరంతా పంచుకుంటుందని వాళ్ళ భయం.

ఆ ఏడు తొలకరి పడింది. ఇంట్లో వేరుశనగ విత్తనాలు లేవు, కొనడానికి డబ్బూ లేదు. అప్పుడే వ్యవసాయాధికారి హైమ ఊళ్ళోకి వచ్చి చెప్పింది. "ఈసారి విత్తనాలకి సర్కారు ఇచ్చే డబ్బు పొలంలో నిజంగా కష్టపడేవాళ్ళకే. ఇంటికి ఒక్కరు చొప్పున మా ఆఫీసుకొచ్చి వేలిముద్ర వెయ్యాలి. ఇవాళ సాయంత్రంతో ఆఖరు."

"నేను వెళ్తా," అన్నాడు గౌరేసు.

"నువ్వేం కష్టపడ్డావు మావా? గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చావు," అంది పైడమ్మ.

"నాగలి పట్టింది నేను కదా వదినా!" అన్నాడు లచ్చుమయ్య.

"పట్టుకుని వెనకాల నడిచావు. లాగిందెవరు?"

ముగ్గురూ పాకలోకి చూశారు. ఎద్దు నెమరేస్తోంది. అబద్ధమాడి సర్కారు సొమ్ము తింటే కళ్ళు పోవూ? అంతే, ఎద్దుకి ఒళ్ళు తోమి, బొట్టు పెట్టి ఆఫీసుకి తోలుకెళ్ళారు.

"ఎద్దుని ఎందుకు తెచ్చారయ్యా?" అంది హైమ.

"వేలిముద్రకండీ. గిట్ట సబ్బుతో కడిగాం. కావాలంటే వాసన చూడండి."

"ఎద్దుకి ఎవరైనా డబ్బిస్తారా? దాన్ని నడిపించేవాణ్ణి తీసుకురండి!"

ఇంకేముంది, మళ్ళీ ఇంటికి.

"అయితే నేనే," అన్నాడు లచ్చుమయ్య.

"నీ మాట అదెప్పుడు విందిరా? జోరీగ కుడితే గానీ అడుగెయ్యదు," అన్నాడు గౌరేసు.

నిజమే మరి. పైడమ్మ ఎద్దు వీపు మీద గాజుగ్లాసు బోర్లించి, జోరీగని పట్టి, మూతికి గుడ్డ కట్టింది. మళ్ళీ ఆఫీసుకి పరుగు.

"నడిపించేవాణ్ణి తెచ్చామండీ."

"ఎక్కడ?" అని హైమ వంగి చూసింది. బాగా కనపడాలని లచ్చుమయ్య గుడ్డ విప్పాడు. జోరీగ తిన్నగా వెళ్ళి ఆమె మెడ మీద కుట్టింది. ఆమె కెవ్వుమని కేకేసి, కుర్చీ తన్నేసి, బల్ల చుట్టూ పరిగెత్తింది.

"చూశారా! మిమ్మల్నే ఇంత బాగా నడిపించింది, ఎద్దెంత?" అన్నాడు గౌరేసు గర్వంగా.

"రెండు కాళ్ళు, రెండు చేతులు, తలకాయ ఉన్నవాడు కావాలి!" అని అరిచింది హైమ. "పొద్దస్తమానం పొలంలో ఉండేవాడు! గంటలో పంపించండి, లేదంటే తాళం వేసుకుని పోతాను. మీరు ముగ్గురూ మాత్రం మళ్ళీ నా కళ్ళబడకండి!"

పొలానికి పరిగెత్తారు. పొద్దస్తమానం పొలంలో ఉండేదెవరు? వాళ్ళేమో అన్నానికి ఇంటికి పోతారు, కునుక్కి చెట్టు కిందికి పోతారు. పొలం మధ్యలో లచ్చుమయ్య పాత లాగూ చొక్కా తొడుక్కుని, కుండ తలకాయతో దిష్టిబొమ్మ నిలబడి ఉంది.

"వానొచ్చినా ఇంటికి రాలేదు పాపం," అని పైడమ్మ కళ్ళొత్తుకుంది. "ఒక్క పూటైనా ముద్ద పెట్టామా?"

అంతే, దాన్ని భుజాన వేసుకుని ఆఫీసుకి ఉరికారు. హైమ మెడకి సున్నం రాసుకుంటూ లోపలి గదిలో ఉంది. బొమ్మని ఆమె బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టారు.

"డబ్బు జాగ్రత్త. దారిలో ఎవరితోనూ మాటలు పెట్టుకోకు," అని చెవిలో చెప్పి, ఆమె కళ్ళబడకుండా బయటపడ్డారు.

"మరి దాని పని ఎవరు చేస్తారన్నా?" అన్నాడు లచ్చుమయ్య.

ఇంకేముంది, ముగ్గురూ పొలం మధ్య చేతులు చాపి నిలబడ్డారు. పొద్దు వాలింది. ఆఫీసుకి తాళం పడింది. పక్క పొలం సత్తెం సర్కారు డబ్బుతో కొన్న విత్తనాల బస్తా బండిలో వేసుకుని వస్తూ ఆగాడు.

"గింజ కూడా విత్తలేదు, దేనికర్రా కాపలా?"

"మా రైతు డబ్బు తేవడానికి వెళ్ళాడు. వచ్చేసరికి పొలం ఖాళీగా కనపడితే బాగుంటుందా?" అన్నాడు గౌరేసు పెదవి కదపకుండా.

ఒక కాకి వచ్చి అతని తల మీద వాలింది. గౌరేసు తోలబోయాడు.

"కదలకు మావా!" అని కసిరింది పైడమ్మ. "ఆయనెప్పుడైనా కదిలాడా?"