మూడు చిత్తాలు

అనగా అనగా, మగ్గాల చప్పుడుతో తెల్లవారే రోజుల్లో, మణిగిరి అనే నగరం ఉండేది. దాని తూర్పు కొసన సాలెవీధి. వీధి పక్కనే పొడవాటి నేల. చెట్టు లేదు, గట్టు లేదు.

ఆ వీధిలో సూరమ్మ అనే నేతగత్తె ఉండేది. భర్త పోయాక మగ్గం తానే నేసి ఇద్దరు బిడ్డలను సాకుతోంది. రోజూ తెల్లవారగానే వీధివాళ్లతో కలిసి ఆ నేల మీద పడుగు సాచేది. నూరు మూరల నూలు బారుగా లాగి, గంజి పూసి, కుంచెతో దువ్వాలి. పొద్దెక్కితే గంజి బిగిసి దారం తెగుతుంది. అందుకే ఎండ ముదిరేలోగా పడుగు చుట్టేసి, అందరూ ఇళ్లలో మగ్గాల ముందు కూర్చునేవారు. ఇక ఆ నేల మీద కాకి కూడా కనపడదు.

రాజుగారికి పూలతోట వేయించాలని బుద్ధి పుట్టింది. కట్టడాల పని చూసే నగరశిల్పి విరూపాక్షుడు తెల్లని గుడ్డ మీద ఊరి పటం గీసుకుని, మధ్యాహ్నం భోజనం ముగించి, పల్లకిలో సాలెవీధికి వచ్చాడు.

"ఈ నేల ఖాళీయేనా?" అని అడిగాడు.

కులపెద్ద కొండయ్య చేతులు కట్టుకుని, "చిత్తం" అన్నాడు.

శిల్పి పటం మీద 'ఖాళీ' అని రాసుకున్నాడు.

వారం తిరిగాక మళ్లీ భోజనమయ్యాకే వచ్చాడు. "ఇక్కడ తోట వేసి చుట్టూ గోడ కడతాం. మీకు సమ్మతమేనా?"

"చిత్తం."

మూడోసారీ మధ్యాహ్నమే. "రేపు పొద్దున్నే పునాది తవ్విస్తాం."

"చిత్తం."

పల్లకి మలుపు తిరిగిందో లేదో, వీధంతా అరుగుల మీద చేరి గోలపెట్టింది. గోడ లేస్తే పడుగు ఎక్కడ సాచాలి? పడుగు లేనిదే మగ్గం ఎలా ఆడుతుంది? మన నోట మట్టి కొట్టారన్నారు.

"కొట్టిందెవరు మావయ్యా?" అంది సూరమ్మ. "ఆయన అడిగాడు. నువ్వు మూడు చిత్తాలు దానం చేశావు."

"రాజుగారి మనిషికి ఎదురుచెప్పే నోరా తల్లీ ఇది?"

"నిన్న మా మేకను తిట్టిన నోరేగా. బాగానే పలుకుతుంది."

"నువ్వు మాత్రం? మూడుసార్లూ తలుపు చాటునే ఉన్నావు కదా."

సూరమ్మ తల దించుకుంది. ఆ మాట నిజం.

మర్నాడు తెల్లవారింది. ఎవరూ గడప దాటలేదు. సూరమ్మ ఒక్కతే నూలు భుజాన వేసుకుని వెళ్లి గుంజ పాతింది. నూరు మూరల పడుగు ఒక్క మనిషికి సాగదు. ఆమె లాగుతూనే ఉంది. కాసేపటికి కొండయ్య వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఆ వెనక ఒక్కొక్క ఇంటి తలుపే తెరుచుకుంది.

పలుగు పారలతో కూలీలను వెంటబెట్టుకొచ్చిన శిల్పికి నేల కనపడలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా నూలే.

"ఖాళీ అన్నారే!"

"మధ్యాహ్నం ఖాళీయే అయ్యా," అంది సూరమ్మ. ఈసారి తలుపు చాటు లేదు. "తమరు మూడుసార్లూ భోజనమయ్యాకే వచ్చారు."

"మరి సమ్మతమేనా అంటే చిత్తమన్నారుగా?"

"చిత్తమంటే విన్నామని. ఒప్పుకున్నామని కాదు. ఆ తేడా మేం నోరు విప్పి చెప్పాల్సింది. చెప్పకపోవడం మా తప్పు. ఇప్పుడు చెబుతున్నాం. ఈ నేల పోతే ఈ వీధికి కూడు లేదు. తమరి చేతిలోని పటం గుడ్డ కూడా ఈ నేల మీద సాచిన పడుగే."

విరూపాక్షుడు గుడ్డను తిప్పి చూశాడు. అంచు సాలెవీధిదే. పటం మీద 'ఖాళీ' అన్న మాటను కొట్టేసి, కూలీలను వెనక్కి పంపాడు.

శిల్పి వెళ్లి చెప్పగా రాజుగారు అంతా విన్నారు. గోడ మానిపించి, నేలకు రెండు పక్కలా పొన్నచెట్లు నాటించారు. నడుమ నేల పడుగుకే ఉండిపోయింది. ఆనాటి నుంచి మణిగిరిలో రాయి పాతే ముందు నగరశిల్పి ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూడాలి. అడిగినదానికి 'చిత్తం' అని ఎవరైనా అంటే, అది జవాబు కింద రాసుకోకూడదు.

అడిగినప్పుడు చిత్తమని, ఇంటికి పోయి చింతపడేవాడికి ఊరు దక్కదు.