చెప్పని ధరకి బేరం

వీరభద్రాచారి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు. "పద" అంటారు. ఎక్కడికండీ అని అడిగితే దానికీ జవాబు రాదు. రాజానగరం దగ్గర హైవే పక్కన ఆయనకో షెడ్డుంది. కొండల్లో, తోటల్లో, రేకుల కొట్టాల్లో పడున్న పాత జీపుల్ని వెతికి కొని తెచ్చి, అక్కడ మళ్ళీ నడిచేలా చేస్తారు. వాటి తలుపుల మీద చెరిగిపోయిన అక్షరాల్ని మళ్ళీ రాసేవాణ్ణి నేను. పాతికేళ్ళుగా ఆయన పక్కన బ్రష్షు పట్టుకు కూర్చుంటున్నాను. ఇన్నేళ్ళలో ఆయన నాతో పూర్తిగా మాట్లాడిన వాక్యాలు రెండు చేతుల వేళ్ళకి సరిపోతాయి. అయినా శిష్యులు అడగడం మానరు, ఆయన "పద" అనడం మానరు.

ఆ మధ్య తాతాజీ అడిగాడు. ఏడేళ్ళుగా అక్కడ పని నేర్చుకుంటున్న కుర్రాడు. చేతిలో పనితనం ఉంది, నోట్లో అంతకు రెట్టింపు ఉంది.

"మేస్త్రిగారూ, బండి కొనడానికి నన్నొక్కణ్ణీ ఎప్పుడు పంపుతారండీ? ఇంకా ఏం నేర్చుకోవాలండీ నేను?"

ఇది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. శిష్యుడు తానే చూసి, తానే మాట్లాడి కొన్న మొదటి బండి అతని సొంతం. బాగుచేసుకుని దాన్నే పెట్టుబడిగా వేరే షెడ్డు పెట్టుకోవచ్చు. ఇద్దరు అలాగే నిలదొక్కుకున్నారు. తాతాజీ కూడా కోరుకొండ రోడ్డులో స్థలం చూసుకుని, రోజూ సాయంత్రం వెళ్ళి దాని ముందు నిలబడి వస్తున్నాడు.

"పద" అన్నారు ఆచారి గారు. ఆ రోజు ఎందుకో ఇంకో రెండు మాటలు కూడా అన్నారు. "మాట్లాడేది నువ్వే. కుదిరితే బండి నీదే."

చెరిగిన అక్షరాల అచ్చు తీసుకోవాలని నన్నూ లారీ ఎక్కించారు. మారేడుమిల్లి దాటి, లోపల ఒక కొండరెడ్ల పల్లెకి వెళ్ళాం. బండి ముర్ల సోమిరెడ్డి గారిది. ఆయన ముప్ఫై ఏళ్ళు మలేరియా మందు కొట్టే జట్టుకి డ్రైవరు. ఆ జట్టు బండిని సర్కారు పక్కన పెట్టేసినప్పుడు వేలంలో తనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నారు. మోకాలు పట్టేశాక అది నాలుగేళ్ళుగా కొట్టంలోనే ఉంది. నడిపించుకునేవాళ్ళెవరైనా ఉంటే తీసుకుపొమ్మని కబురు పెట్టారు.

మేం వెళ్ళేసరికి ఆయన భుజం మీది తువ్వాలుతో బండి సీటు తుడుస్తున్నారు. మాకు టీ ఇచ్చి, "ధర సంగతి మీరే చూసుకోండి బాబూ. దీన్ని నడిపిస్తారా లేదా, అది చెప్పండి చాలు" అన్నారు.

పాత బళ్ళు కొనేవాళ్ళకి ఒక పాడు అలవాటుంది. బండి ఎంత నచ్చితే అన్ని వంకలు పెడతారు. నచ్చినట్టు మొహంలో కనిపిస్తే ధర ఎక్కుతుందని వాళ్ళ భయం. తాతాజీకి ఆ బండి ఎంత నచ్చిందో నేను చూశాను. ముందు జాలీ అసలుది, డాష్‌బోర్డు మీద నంబరు రేకు అసలుది, మడిచే అద్దానికి ఇత్తడి గొళ్ళాలు రెండూ అసలువి. వాడి కళ్ళు పెళ్ళికొడుకు కళ్ళలా వెలిగాయి. వెంటనే మొహం చిట్లించుకుని మొదలుపెట్టాడు.

"బానెట్టు దీనిది కాదండి, ఇంకే బండిదో తెచ్చి వేశారు. స్టీరింగూ అంతే. ఛాసిస్‌కి అతుకు పడింది. ఫ్లోరుని తుప్పు తినేసింది, కాలు పెడితే కిందకి దిగుతుంది. రేడియేటరు కారిపోయింది. వెనక తలుపుకి గొలుసుండాలి, తాడు కట్టారు..." అలా వేళ్ళు మడుస్తూ పదకొండు చెప్పాడు. అవతలాయన అసలు ధరే చెప్పలేదు మహాప్రభో! చెప్పని ధరని దించడానికి మావాడు చెమటలు పట్టేలా కష్టపడ్డాడు.

సోమిరెడ్డి గారు ఎదురు చెప్పలేదు. వాడు వేలు చూపించిన ప్రతిచోటికీ వంగి చూశారు. ఒక్కో వంకకీ ఆయన మొహం కొంచెం కొంచెం వాడిపోయింది.

"అన్నీ నిజాలేనా బాబూ?"

"నిజాలేనండి. కావాలంటే మేస్త్రిగారిని అడగండి."

"నాకు తెలియలేదు. ఇన్నేళ్ళూ నా కళ్ళకి బాగానే కనపడింది." ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "ఇంత పనికిమాలినదాన్ని మీకు అంటగట్టి డబ్బు పుచ్చుకుంటే పాపం బాబూ. వద్దులెండి." అంటూనే కంచె దగ్గరికి వెళ్ళి, సంతకి పోతున్న పక్కింటాయన్ని కేకేశారు. "సంతలో పాతినుము కొనే వ్యానుంటాది. గ్యాసు కట్టరు తీసుకుని రమ్మని చెప్పు. జీపు కోసుకుపోతాడు."

నాకు మొదట నవ్వొచ్చింది. తాతాజీ మొహం చూశాక నవ్వు పోయింది. వాడు పరిగెత్తి ఆయన ముందు నిలబడ్డాడు.

"కోయించకండి! మంచి బండండీ ఇది. ఇంత మంచిది నేనిప్పటిదాకా చూడలేదు. బేరం కోసం అలా అన్నానండి!"

సోమిరెడ్డి గారు వాణ్ణి తేరిపార చూశారు. ఆ చూపులో కోపం లేదు.

"ఇందాక చెప్పింది అబద్ధమా బాబూ, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?"

తాతాజీ పెట్టిన వంకలన్నీ నిజం. బండి మంచిదన్నదీ నిజం. ఏది విప్పి చెప్పబోయినా రెండోది అబద్ధంలా వినపడుతుంది. తన మీద జాలితో అంటున్నాడనుకుని సోమిరెడ్డి గారు వాడి భుజం తట్టి, వెళ్ళి అరుగు మీద మాకు వీపు పెట్టి కూర్చున్నారు. వాడు ఆచారి గారి వైపు తిరిగాడు.

"నన్నెందుకు చూస్తావు? మాట్లాడింది నువ్వు" అన్నారాయన. అని, లారీలోంచి పానాల సంచీ తీసి వాడి కాళ్ళ దగ్గర పెట్టారు.

తాతాజీ చొక్కా విప్పి పనికి దిగాడు. ఏడేళ్ళలో వాడు నోరు మూసుకుని పనిచెయ్యడం నేను చూసింది ఆ రోజే. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో నూనె పోసి, ముందునించి హ్యాండిల్ రాడ్డు పెట్టి ఇంజన్ని మెల్లగా తిప్పాడు. మొదట కదల్లేదు. నాలుగోసారి అరచుట్టు తిరిగింది. కార్బొరేటరు విప్పి ఊదాడు, పాయింట్లు గీకాడు, టైర్లకి గాలి కొట్టాడు, మా లారీ బ్యాటరీ తెచ్చి తగిలించాడు, డబ్బాలో కొత్త పెట్రోలు పోసి గొట్టం పెట్టాడు.

పని సగంలో ఉండగానే పాతినుప సామాన్లవాడు వ్యానేసుకుని దిగాడు. గ్యాసు సిలిండరు దింపి, బీడీ ముట్టించి, "ఏవండోయ్, కొయ్యమంటారా, ఇంటికి పొమ్మంటారా? సంత అయిపోతోంది నాకు" అని నస పెట్టాడు. "కొయ్యి" అన్నారు సోమిరెడ్డి గారు, తిరిగి చూడకుండానే. తాతాజీ బండికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ జోడించాడు. "పది నిమిషాలన్నా! నీకు దణ్ణం పెడతాను." అప్పటికి వాడు ఆ బండిని కొనడం గురించి ఆలోచించడం లేదు, అది వాడి మొహంలోనే తెలుస్తోంది. తన మాట నమ్మి ఒక పెద్దాయన తన బండిని చంపుకుంటున్నాడన్న బాధ తప్ప వాడిలో ఇంకేమీ లేదు.

సెల్ఫు రెండుసార్లు మూలిగింది. మూడోసారి సైలెన్సర్లోంచి నల్లటి మసి, ఏదో పురుగుల గూడూ ఎగిరిపడి, ఇంజను అందుకుంది. ఒకసారి తడబడి ఆగబోయి, మళ్ళీ నిలదొక్కుకుంది. పల్లెలో కోళ్ళన్నీ గోల చేశాయి.

సోమిరెడ్డి గారు లేచారు. కుంటుకుంటూ వచ్చి, బానెట్టు మీద చెయ్యి ఆనించి, తల వాల్చి విన్నారు.

"మూడో సిలిండరు తప్పుతోంది" అన్నారు. "నువ్వు చెప్పినవాటిలో అది లేదు బాబూ. పన్నెండోది." అని పగలబడి నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు. బ్రేకుల్లేవండీ, బ్రేకుల్లేవండీ అని తాతాజీ పక్కన పరిగెడుతుంటే, "నాకు బ్రేకులెప్పుడున్నాయి బాబూ! ముప్ఫై ఏళ్ళూ గేరుతోనే ఆపాను" అంటూ మొదటి గేర్లో పల్లె చుట్టూ ఒక తిప్పు తిప్పి తెచ్చారు. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. పాతినుప సామాన్లవాడు కూడా బీడీ పారేసి చూస్తూ నిలబడ్డాడు, తర్వాత తన సిలిండరు తనే వ్యానెక్కించుకున్నాడు.

బండి దిగి సోమిరెడ్డి గారు తాతాజీ చేతులు పట్టుకున్నారు. "కోపం తెచ్చుకోకు బాబూ. ఇప్పుడు అమ్మలేను."

కోరుకొండ రోడ్డు స్థలం వాడి కళ్ళముందు మెదిలే ఉంటుంది.

"అమ్మకండి" అన్నాడు తాతాజీ. "ఆదివారం వచ్చి బ్రేకులు చూస్తాను. ఫ్లోరుకి రేకు కూడా తెస్తాను."

తలుపు మీది అక్షరాలు నేను అక్కడికక్కడే దిద్ది ఇచ్చాను. ఎండ ఉండగానే బయల్దేరాం. ఖాళీ లారీ ఘాట్ రోడ్డు గతుకుల్లో డబడబలాడుతోంది. తాతాజీ నడుపుతున్నాడు. రంపచోడవరం దగ్గరికి వచ్చాక, "నేను పనికిరానండి" అన్నాడు.

ఆచారి గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"తుని వైపు ఒక బండుందని కబురొచ్చింది. రేపు నువ్వొక్కడివే వెళ్ళు."

వాడు లారీ ఆపేసినంత పని చేశాడు. "ఒక్కణ్ణీనా? ఇవాళ చేతులూపుకుంటూ పోతున్నాం కదండీ!"

"అందుకేరా" అన్నారు ఆచారి గారు.