మొగ దగ్గర కాపలా

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అలాంటి ఒక మొగ పక్కన, మడచెట్ల మధ్య బోలెడు జంతువులు కాపురముండేవి. రోజుకు రెండుసార్లు పోటు వచ్చేది. పోటుతో చేపలు, రొయ్యలు వచ్చేవి. ఆ ఏడు సొరచేపలు కూడా రావడం మొదలుపెట్టాయి. వారం తిరక్కుండా రెండు బాతుల్నీ ఒక తాబేలునీ మింగి, నీరు తీసేలోగా చల్లగా వెళ్ళిపోయాయి.

జంతువులన్నీ మెరక మీద సభ పెట్టాయి. సభకు పెద్ద అప్పలనర్సమ్మ అనే గేదె.

"మొగ దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే," అంది గేదె. "నూకాలూ, నీకూ నీ వాళ్ళకూ ఈతొచ్చు, ఈల వెయ్యడమొచ్చు. ఏమంటావే?"

నూకాలు నీటికుక్క. ఏడుగురు చెల్లెళ్ళతో, తమ్ముళ్ళతో ఒకే గూట్లో ఉంటుంది.

"ఉంటాం అత్తా. కానీ పోటు వేళ మొగలో నిలబడితే మేం వేటాడేదెప్పుడు? ఎనిమిది కడుపులు మావి."

"ఇంటికో చేప ఇద్దాం. పోటుకొకటి," అంది గేదె.

అంతే, సభ చల్లబడిపోయింది. కొంగ తన కాలి వంక చూసుకుంది. మండపీత బుల్లెబ్బాయి కళ్ళు రెండూ లోపలికి లాగేసుకున్నాడు.

అప్పుడు లేచాడు నక్క జగ్గయ్య.

"కష్టపడి పట్టుకున్న చేపను నోటి దగ్గర లాక్కుంటారా? ఎంత అన్యాయమండీ! నేను చట్టం రాస్తాను వినండి. సొరలైనా, మన చేపలెత్తుకెళ్ళే ఇంకెవరైనా దొంగలే. ఆ దొంగల దగ్గర ఏం దొరికితే అదే కాపలావాళ్ళ కూడు. మీరు పొలుసు ముక్క కూడా ఇవ్వక్కర్లేదు."

"మరి దొంగలు రాకపోతేనో?" అంది గేదె.

"గట్టి కాపలా ఉంటే దొంగలు దొరక్కుండా ఎక్కడికి పోతారత్తా?" అని నవ్వి, జగ్గయ్య ఒక పాత పడవ చెక్క మీద గోటితో చట్టం గీశాడు. చివర్న చిన్న అక్షరాలతో ఇంకో ముక్క గీశాడు. పట్టుకున్నదాంట్లో సగం చట్టం రాసినవాడికి.

ఊరికే కాపలా దొరుకుతోందన్న సంబరంలో అందరూ సరే అన్నారు.

మూడు రోజులు నూకాలు వాళ్ళు మొగ దగ్గరే కాపు కాశారు. ఒక్క దొంగా రాలేదు. నాలుగో రోజుకు తమ్ముళ్ళ పొట్టలు వీపుకంటుకున్నాయి.

"ఆ కొంగ నోట్లో చేప ఎక్కడిదో అడిగారా?" అన్నాడు జగ్గయ్య, దారిన పోతున్నట్టు. "అవతలి కాలవదైతే దొంగసొత్తే కదా!"

నూకాలు అడిగింది. కొంగ తడబడింది. చేప పోయింది. మర్నాడు బాతు దగ్గర నత్తలు పోయాయి. ఆ తర్వాత ఎవరింట్లో ఏముందో వెతకడమే కాపలా అయిపోయింది. మొగ దగ్గర ఎవరూ లేరు. జగ్గయ్య మాత్రం పొట్ట పెరిగి, పొదలో దూరాలంటే ఆయాసపడుతున్నాడు.

ఒక మధ్యాహ్నం నూకాలు బుల్లెబ్బాయి కన్నంలో చెయ్యి పెట్టి రొయ్యలు లాగుతుంటే, పెద్ద కాలవ వైపు నుంచి గేదె అరుపు వినిపించింది. ఈదుతూ కాలవ దాటుతున్న నర్సమ్మ తోకను సొర పట్టుకుంది!

నూకాలు రొయ్యలు విసిరేసి ఈల వేసింది. ఎనిమిది మందీ దూకారు. ఒకరు రెక్క కొరికారు, ఒకరు కళ్ళ ముందు బురద రేపారు. సొర ఉక్కిరిబిక్కిరై తోక వదిలి పారిపోయింది. నర్సమ్మ ఒడ్డెక్కింది కానీ తోక కుచ్చు మాత్రం సొరకే దక్కింది.

సాయంత్రం మళ్ళీ సభ.

"కాపలావాళ్ళకి అధికారం చాలట్లేదు," అన్నాడు జగ్గయ్య. "ఇంకా లోపలికి వెళ్ళి వెతకనివ్వాలి."

నూకాలు తల వంచుకుంది. "అత్తా, తప్పు నాది. ఆ వేళ నేను మొగలో లేను. ఆకలికి ఓర్వలేక మనవాళ్ళనే దొంగల్ని చేశాను."

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి బుల్లెబ్బాయి దగ్గరికి జరిగి, చెవిలో ఏదో ఊదాడు. తర్వాత గట్టిగా అన్నాడు.

"ఆయ్, చట్టం మార్చకండి. జగ్గయ్యగారు మంచిగానే రాశారండి. కాకపోతే సగం కూడు తింటున్నారు కాబట్టి సగం కాపలా కూడా ఆయనే కాయాలి కదండి?"

"అవునవును!" అని సభ హోరెత్తింది.

"నాకు ఈత రాదే!" అన్నాడు జగ్గయ్య.

"ఇసకతిన్నె మీద నిలబడండి చాలు," అంది గేదె.

మర్నాటి పోటుకు జగ్గయ్యను తిన్నె మీద నిలబెట్టారు. నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. పొట్టకొచ్చాయి. ఇంతలో ఎదురుగా నల్లగా, కోసుగా ఏదో నీళ్ళను చీల్చుకుంటూ సూటిగా అతని వైపే రాసాగింది.

"సొర! సొర!" అని జగ్గయ్య ఒక్క ఎగురు ఎగిరి, బురదలో పడి, లేచి, ఒడ్డంతా పరిగెత్తాడు. "నాకు సగమొద్దు! పావూ వద్దు! ఆ చెక్కను పొయ్యిలో పెట్టుకోండి!"

నీళ్ళలోంచి నూకాలు తల బయటపెట్టింది. పైకెత్తి పట్టుకున్నది తన తోకే! కొంగ నవ్వి నవ్వి నీళ్ళలో కూలబడింది.

ఆ పూటే గేదె కొత్త చట్టం చెప్పింది. "దొంగ వచ్చినా రాకపోయినా పోటుకు ఇంటికో చేప. పట్టుకున్న సొత్తు సొంతదారుకే. కారణం లేకుండా ఒకరింట్లో చెయ్యి పెట్టిన కాపలాదారు ఆ రోజే కాపలా నుంచి దిగిపోవాలి."

ఈసారి ఎవరూ మొహం తిప్పుకోలేదు. చేపలు పట్టడం రాని నర్సమ్మ, తన చేపకు బదులు, కాపలా అయ్యాక నీటికుక్కల్ని వీపు మీద ఎక్కించుకుని గూటికి దింపేది. సొరలు మళ్ళీ వచ్చాయి. తొలి ఈలకే అందరూ మెరకెక్కేశారు. అవి ఉత్త నోటితో తిరిగి వెళ్ళాయి. సన్నబడిన జగ్గయ్య కూడా పోటుపోటుకూ గొణుక్కుంటూ తన చేప తెచ్చి పడేస్తున్నాడు.

కాపలావాడి కడుపు మనం నింపకపోతే, మన ఇంట్లో చెయ్యి పెట్టి వాడే నింపుకుంటాడు.