బాలబందితీగ నేర్చుకున్న ముడి

ఒకప్పుడు బాలబందితీగకు కాలు నేల మీద నిలిచేది కాదు. సముద్రపొడ్డున ఉన్న తాటిచెట్టెక్కి, పైనుంచి వచ్చేపోయే పడవలను చూస్తూ మురిసిపోయేది. వేరు మాత్రం ఒక్కటే, చెట్టు మొదట్లో.

ఆ చెట్టు పక్కనే పరదేశమ్మ గుడిసె. మొగుడు చేపలవేటకు పోతే, ఆమె చిరిగిన వలలు బాగుచేసేది. ముడి మీద ముడి వేసే ఆమె వేళ్లను చూసి తీగ కిసుక్కున నవ్వేది. ఇంతకన్నా పనిలేని పని ఉండదనుకునేది.

ఇలా ఉండగా ఎండలు ముదిరాయి. ఏటికేడు ముదిరాయి. సముద్రం ఒళ్లు కాగి, పొయ్యి మీద పాలలా పొంగింది. నిన్న పడవలు నిలిపిన చోట ఇవాళ నీళ్లు. ఒడ్డు కోసుకుపోయి అలలు గుడిసె గుమ్మం దాకా వచ్చాయి.

"గంగమ్మ తల్లీ, ఏటిలగ మీదకొచ్చెత్తన్నావు?" అని అడిగింది పరదేశమ్మ.

"నాకేం కోపం లేదు పిల్లా. ఒంట్లో వేడికి ఆగలేకపోతున్నాను. నీ ఇసుకను నువ్వే పట్టుకో," అంది సముద్రం.

ఊరివాళ్లు రాళ్లు పేర్చారు. కింద ఇసుక జారిపోయి రాళ్లే కూరుకుపోయాయి. పరదేశమ్మ మాత్రం పాత వల పరిచి, చుట్టూ కర్రలు పాతింది. గాలి వల కన్నాల్లోంచి వెళ్లిపోయింది, ఇసుక చిక్కుకుని ఆగిపోయింది! ఆమె ఎగిరి గంతేసింది. పాపం, అసలే పాత వల, నాలుగు రోజులకే ఎండకీ ఉప్పునీటికీ చివికిపోయింది.

అప్పుడామె తలెత్తి తీగను చూసింది.

"ఓలే, కిందకి దిగవే. బతికున్న వలైతే పాడవ్వదు. ముడెలగెయ్యాలో నాను సెప్తాను," అంది.

తీగ మూతి ముడుచుకుంది. నేల మీద పాకితే అందరూ తొక్కుతారంది. అంతలో ఓ పెద్ద అల వచ్చి తాటిచెట్టు మొదలు తవ్వేసింది. చెట్టు ఊగింది. చెట్టే పోతే తానెక్కడుంటుంది? తీగ గబగబా దిగొచ్చింది.

పరదేశమ్మ ఇసుకలో చతికిలబడి, తీగను కణుపు కణుపు దగ్గరా నేలకు నొక్కింది. ఇక్కడో ముడి, అక్కడో ముడి. తీగ ఇట్టే పట్టేసింది. ప్రతి కణుపు దగ్గరా ఓ వేరు దించి బిగించింది. ఎగిరొచ్చిన ఇసుకంతా దానికి చిక్కుకుని దిబ్బ కట్టింది. గంగమ్మ వచ్చి, దిబ్బను తడిమి, నవ్వుకుంటూ వెనక్కి వెళ్లింది. గుడిసె నిలిచింది. పడవలకు చోటు దక్కింది. తీగ సంతోషం పట్టలేక ఒళ్లంతా ఊదారంగు పూలు పూసింది.

అప్పటినుంచే బాలబందితీగ చెట్లెక్కడం మానేసి, కణుపుకో వేరు దించుకుంటూ ఇసుక మీద వలలా అల్లుకుంటోంది. పూలు ఎన్నైనా కోసుకోండి, అది ఏమీ అనదు. తీగను మాత్రం పీకకండి. పీకితే గంగమ్మ మీ ఇంటికి చుట్టంగా వస్తుంది.