దహబో ఇంట్లో దాచిన మంచు

"తాగవే ఒంటెమ్మ, తాగవే తల్లీ, తోలుసంచి నిండింది, తొలిచుక్క నీకే..." ఆ తర్వాత ఇంకేదో ఉంది. మబ్బు సంగతో, మేనమామ సంగతో. చిన్నప్పుడు సోమాలియాలో బావి దగ్గర పాడిన పాట. ఇప్పుడు నార్వేలో, కిటికీ బయట మంచు కురుస్తుంటే, దహబోకి సగమే గుర్తొస్తోంది.

ఆ మేడ మీది వాటాలో ఉండేది ముగ్గురు. దహబో, ఆమె తమ్ముడు గూలేద్, అతని పెళ్ళాం ఉబా. ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం.

"ఈ దేశంలో నెగ్గుకురావడానికి ఏముందక్కా, చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు. ఆ పని మనకంటే బాగా ఎవరు చేస్తారు?" అనేవాడు గూలేద్. నిజమే, ఒక్క మాట పొల్లు పోనిచ్చేవాళ్ళు కారు.

ఓ రోజు ఇళ్ళ అధికారి వచ్చి చెప్పాడు. "శుక్రవారం వచ్చి చూస్తాను. వీధి గుమ్మం ముందు మంచు ఉండకూడదు. ఎత్తిన మంచు రోడ్డు మీద వెయ్యకూడదు, పక్కవాళ్ళ వైపు వెయ్యకూడదు. అంతా సరిగ్గా ఉంటే ఈ వాటా మీకే. లేకపోతే మళ్ళీ శరణార్థుల శిబిరానికే."

శిబిరం అనగానే దహబోకి ఆ రోజులు కళ్ళముందు కదిలాయి. ఒకటే హాలు, వరసగా మంచాలు, తెల్లవార్లూ ఎవరిదో దగ్గు.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ పారలు పట్టుకుని దిగారు.

"రోడ్డు మీద వద్దన్నాడు, పక్కన వద్దన్నాడు. మరి మిగిలిందేది వదినా?" అంది ఉబా.

"ఇల్లు," అన్నాడు గూలేద్. "అయినా పైనుంచి ఊరికే నీళ్ళు రాలుతుంటే పారేసుకుంటామా? మన అయ్య ఒక్క సంచి నీళ్ళ కోసం పొద్దంతా నడిచేవాడు."

అంతే. స్నానాల తొట్టిలో కుప్ప పోశారు. గిన్నెలు నింపారు, బట్టల పెట్టెలు నింపారు, ఆఖరికి గూలేద్ బూట్లు కూడా నింపారు. గుమ్మం అద్దంలా తయారైంది. ఇల్లు చూస్తే వెచ్చగా ఉంది. ఇంకేముంది, పెట్టెలు కారాయి, బూట్లు కారాయి, నేలంతా కాలవ కట్టింది.

కింది వాటాలో ఒంటరిగా ఉండే హాల్వర్ అనే పెద్దాయన తడిసిన బట్టతలతో పైకొచ్చాడు. చిత్రం ఏమిటంటే, ఆ దేశంలో కోపమొచ్చినా మర్యాద తప్పరు. "పర్వాలేదులెండి," అన్నాడు పళ్ళు బిగించి. "మీకేం కావాలన్నా నన్నడగండి."

దహబో ఎంత పొంగిపోయిందో. "పర్వాలేదట. పైగా అడగమంటున్నాడు. అన్నా, మీ తొట్టి ఖాళీయేనా?"

ఆయన నోరు తెరిచాడు. మూసేలోపల ఆయన తొట్టి నిండింది.

"బావుంది. ఇక మీ ఇల్లే అనుకోండి," అని ఎత్తిపొడిచాడు హాల్వర్.

అనుకోమన్నాక అనుకోకపోతే బావుండదు కదా. దహబో ఆయన ఇంట్లో అటూ ఇటూ చూసింది. మన ఇల్లయితే ఇలా చేపల కంపు కొట్టనిస్తామా అనుకుంది. ఉబా యాలకుల టీ పెట్టింది. గూలేద్ నిప్పులు చేశాడు. దహబో తమ దేశపు సాంబ్రాణి గుప్పెడు వేసింది. ఇంకేముంది, పొగ పసిగట్టే గంట కప్పుకి అతుక్కుని గీపెట్టింది. మంటలార్పే బండి వచ్చింది. అందరూ టీ గ్లాసులతో సహా గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే అధికారి దిగాడు.

"పొగ ఎవరింట్లోంచి?" అన్నాడు.

"మా ఇంట్లోంచే," అన్నారు ముగ్గురూ, హాల్వర్ కిటికీ చూపించి. "ఆయనే అనుకోమన్నాడు."

అధికారి హాల్వర్ వైపు తిరిగాడు. ఆయన ఒక్క ముక్క అంటే చాలు, మళ్ళీ ఆ హాలు, ఆ దగ్గు. హాల్వర్ చేతిలో వేడి గ్లాసు. కోటు నిండా సాంబ్రాణి వాసన. కుళాయి బాగుచేసేవాడు తప్ప ఆయన గడప తొక్కిన మనిషి లేక ఎన్నేళ్ళయిందో.

"అవును, అన్నాను," అన్నాడు హాల్వర్. "పర్వాలేదని కూడా అన్నాను."

అధికారి గుమ్మం చూశాడు. మంచు రేణువు లేదు. "ఈ వీధిలో ఇంత శుభ్రమైన గుమ్మం లేదు దహబో గారూ. ఇక మీరెక్కడికీ పోనక్కర్లేదు. ఇక్కడే ఉండండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

బండి వెళ్ళింది. హాల్వర్ లోపలికి వెళ్ళాడు. మళ్ళీ మంచు మొదలైంది. ఉబా కనురెప్పలు తెల్లబడ్డాయి, గూలేద్ మీసం తెల్లబడింది. ముగ్గురూ కదల్లేదు.

హాల్వర్ తలుపు తీసి చూశాడు. "లోపలికి రారా?"

"ఇక్కడే ఉండమన్నారు కదన్నా," అంది దహబో, పళ్ళు టకటకలాడుతుంటే. "ఇన్నాళ్ళకి దొరికిన చోటు. కదిలి పోగొట్టుకుంటామా?"

హాల్వర్ బట్టతల గోక్కున్నాడు. లోపలికి వెళ్ళి ఒక కుర్చీ, కంబళీ తెచ్చుకున్నాడు. దహబో పక్కనే వేసుకుని కూర్చుని, కంబళీలో సగం ఆమె భుజాల మీద కప్పి, మెల్లగా అడిగాడు.

"ఎంతసేపని ఏమైనా చెప్పాడా?"