గరిక మావ ఇచ్చేసిన దీపం

అనగనగా ఒక వాగు, ఆ వాగు మీదికి వంగిన ఒక ఈత చెట్టు. చెట్టు నిండా గిజిగాళ్ళు. చెట్టు మొదట్లో తుర్రి అనే ఉడత పిల్ల. దానికి రెండే పనులు: అందర్నీ ఆటపట్టించడం, అన్నిటికీ "ఎందుకు?" అని అడగడం.

గిజిగాళ్ళ ఆచారం తెలుసా మీకు? మగపిట్ట సగం గూడు అల్లి, రెక్కలు టపటపలాడించి పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి పోచలు లాగి చూస్తుంది. నచ్చితే కాపురం. లేదంటే ఎగిరిపోతుంది.

గరిక అనే గిజిగాడి గూడు ఆ ఏడు ఎవరికీ నచ్చలేదు. మొదటామె "వదులు" అంది. రెండో ఆమె "వంకర" అంది. మూడో ఆమె ఏమీ అనకుండానే ఎగిరిపోయింది. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున గరిక తన మెత్తటి పోచలన్నీ పక్క గూటి పిట్టకు ఇచ్చేశాడు. మధ్యాహ్నం, తను కూర్చునే చల్లటి చోటు మరొకరికి ఇచ్చేశాడు. సాయంత్రం, బంకమట్టి ముద్దలో మిణుగురును నిలిపి చేసుకున్న దీపాన్ని తెచ్చి తుర్రి ముందు పెట్టాడు.

"నాకా! ఏంటి మావా, పిసినారితనం వదిలిందా?"

గరిక నవ్వలేదు. "ఉంచుకో. నాకిక దీపంతో పనిలేదు."

తుర్రి తోక నిక్కబొడుచుకుంది. నిన్నటిదాకా ముట్టుకుంటే పొడిచేవాడు, ఇవాళ ఎందుకిచ్చాడు? పనిలేదంటే ఏంటి? "ఇక" అంటే ఏంటి?

"మావా, చచ్చిపోవాలనుకుంటున్నావా?" సూటిగా అడిగేసింది.

 గరిక మెల్లగా తలూపాడు. "ముగ్గురూ వద్దన్నారు. నేనెందుకూ పనికిరాను. లేకపోతే ఎవరికి లోటు?"

"వాళ్ళు పోచల్ని లాగి చూశారు. నిన్నెవరు లాగి చూశారు? గూడు వంకరే, నేనూ ఒప్పుకుంటా. అంతమాత్రానికే నువ్వెందుకు అక్కర్లేకుండా పోతావు? పొద్దున్నే లేచి నేనెవర్ని ఏడిపించాలి?"

ఆ మాటకి గరిక నిజంగానే ఏడ్చేశాడు. తుర్రి ఈసారి ఆటపట్టించలేదు. పక్కనే కూర్చుంది.

"ఎవరికీ చెప్పకే."

"చెప్తాను. తిట్టుకో!" అని కిచకిచమని అరిచి చెట్టంతా కదిలించింది.

గిజిగాళ్ళ పెద్ద మంకెనమ్మ వచ్చింది. ఒక్క హితబోధ కూడా చెయ్యలేదు. "ఈ రాత్రి మా మధ్యలో పడుకో నాయనా" అంది. అటొకరు ఇటొకరు రెక్కలు ఆనించి పడుకున్నారు.

తెల్లారింది. గరిక కళ్ళలో దిగులు ఇంకా ఉంది. అయినా కిందికి దిగి గొణిగాడు: "తుర్రీ, నా దీపం ఇచ్చెయ్యవే."

తుర్రికి లోపల పండగే. పైకి మాత్రం బుంగమూతి పెట్టింది. "అంత తొందరేంటి? రేపు రా."

"రేపా?"

"రేపు బేరమాడతా. ఎల్లుండి ఇస్తానేమో."

"దొంగ ఉడతా! రేపు పొద్దున్నే వస్తా, చూస్కో!" అన్నాడు గరిక. అంటూనే చిన్నగా నవ్వాడు.

కాబట్టి పిల్లలూ, ఎవరైనా "నేనెందుకు?" అని కుంగిపోతే భయపడకుండా అడగండి, ఒంటరిగా వదలకండి, పెద్దల్ని పిలవండి, చేసిన పని ఒకరికి నచ్చకపోవచ్చు గానీ, చేసిన ప్రాణం ఎప్పుడూ కావలసిందే.